పొడవైన కాంక్రీట్ వంతెనను ముక్కలుగా ఎందుకు కడతారు?

మీ ప్రశ్న ఇది: “సివిల్ ఫైనల్ ఇయర్ చదువుతున్నాను, మాది కొవ్వూరు. గోదావరి మీద 2015లో తెరిచిన నాలుగు కిలోమీటర్ల కాంక్రీట్ రోడ్డు వంతెన దాటుతుంటే బండి కింద కాసేపటికొకసారి టక్కుమని జాయింట్ తగులుతుంది. అంత వంతెననూ ఒకే ముక్కగా ఎందుకు కట్టరు? ఇంత పొడవైన వంతెన డిజైన్‌లో అన్నిటికన్నా కష్టమైనది ఏది?”

ముప్పై ఏళ్లకు పైగా ఇదే పనిలో ఉన్నాను. మొదటి పదేళ్లు సైట్‌లో, ఆ తర్వాత డిజైన్ ఆఫీసులో. మీ రెండు ప్రశ్నలకూ నా దగ్గర ఉన్న జవాబు ఒకటే. కాలేజీలో వంతెన అనగానే బరువు గురించి చెబుతారు. లారీ బరువెంత, బెండింగ్ మూమెంట్ ఎంత, కడ్డీ ఎంత వేయాలి. అవి తప్పకుండా రావాలి, కానీ పొడవైన వంతెనలు బరువు మోయలేక చెడిపోవడం నేను చూసింది చాలా తక్కువ. కాంక్రీట్ కట్టిన రోజు ఉన్నట్టు ఉండదు. పొద్దున ఒక పొడవు, మధ్యాహ్నం ఒక పొడవు. ఈ ఏడాది ఒక పొడవు, పదేళ్లకు ఇంకో పొడవు. ఆ కదలికకు చోటు వదలాలి, వదిలిన చోటులోంచి నీళ్లు లోపలి ఉక్కుకు చేరకుండా చూడాలి. వంతెన పొడవు పెరిగేకొద్దీ ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం పడతాయి. కష్టమంతా అక్కడే.

ముందు ఎండ సంగతి. ఒక డిగ్రీ వేడి పెరిగితే కాంక్రీట్ మీటరుకు 12 మైక్రాన్లు సాగుతుందని మన ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) కోడ్ లెక్క. రాజమండ్రిలో డిసెంబరు తెల్లవారుజాముకూ మే మధ్యాహ్నానికీ వంతెన ఒంట్లో వేడి తేడా 30 డిగ్రీలు అనుకోండి. నాలుగు కిలోమీటర్లకు అది 1.44 మీటర్లు. దాన్ని కదలనివ్వకుండా రెండు చివర్లా బిగించి పట్టుకుంటే? 30 డిగ్రీలు చల్లబడినప్పుడు కాంక్రీట్‌లో దాదాపు 12 మెగాపాస్కల్ లాగుడు పుడుతుంది. వంతెనలకు వాడే ఎం45 రకం కాంక్రీట్ లాగుడు బలం 3 మెగాపాస్కల్ దరిదాపుల్లో ఉంటుంది. అంటే మీరు జాయింట్ వదలకపోతే, కాంక్రీట్ తనకు నచ్చిన చోట తానే పగులు రూపంలో జాయింట్ పెట్టుకుంటుంది. రైలు పట్టాలను కిలోమీటర్ల కొద్దీ వెల్డ్ చేసి పట్టి ఉంచుతున్నారు కదా అని అడగొచ్చు. అది ఉక్కు, ఆ లాగుడును తట్టుకుంటుంది. కాంక్రీట్‌కు ఆ శక్తి లేదు.

ఎండ వల్ల వచ్చే కదలిక పోయి వస్తుంది. పోయి రాని కదలికలు రెండున్నాయి. కాంక్రీట్ ఏళ్ల తరబడి తడి వదులుతూ కుదించుకుంటుంది, అది ష్రింకేజ్. ప్రీస్ట్రెస్ కేబుళ్లు, అంటే కాంక్రీట్ లోపల సాగదీసే ఉక్కు తాళ్లు, బిగించి నొక్కి ఉంచుతాం కాబట్టి ఆ నొక్కుడు కింద నిదానంగా ఇంకా కుదించుకుంటూనే పోతుంది, అది క్రీప్. 250 మీటర్ల ముక్కకు ఉజ్జాయింపుగా లెక్క వేస్తే ఎండవల్ల 90 మిల్లీమీటర్లు, ష్రింకేజ్ వల్ల 75, క్రీప్ వల్ల 70. చివరి రెండింటిలో కొంత భాగం జాయింట్ బిగించే ముందే అయిపోతుంది. అయినా ఆ 250 మీటర్ల ముక్కకే జాయింట్‌లో 200 మిల్లీమీటర్ల దాకా కదలికకు చోటు కావాలి. మామూలు స్ట్రిప్ సీల్ (ఒకే రబ్బరు పట్టీ) జాయింట్ 80 మిల్లీమీటర్లు దాటి తీసుకోదు. అక్కడ మాడ్యులర్ జాయింట్, అంటే అలాంటి పట్టీలు చాలా కలిపింది, పెట్టాలి. అది ఖరీదు, దాని రబ్బరూ స్ప్రింగులూ కొన్నేళ్లకు మార్చాల్సిందే. ముక్క పొట్టిదైతే జాయింట్లు ఎక్కువ, పొడవుదైతే ఒక్కో జాయింట్ పెద్దదీ, మొండిదీ. ఈ మధ్యలో ఎక్కడో ఆగాలి. నా అనుభవంలో నాలుగైదు స్పాన్లను (రెండు స్తంభాల మధ్య ఉండే వంతెన భాగాలను) కలిపి ఒక కంటిన్యువస్ మాడ్యూల్‌గా కట్టడం మంచి మధ్యేమార్గం. మధ్య పియర్ (స్తంభం) మీద కదలని బేరింగ్ (వంతెన కూర్చునే దిమ్మ) పెట్టి, రెండు వైపులా జారే బేరింగులు పెడతాం. అప్పుడు ప్రతి చివరా సగం కదలికే వస్తుంది.

క్రీప్ గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే పుస్తకంలో అది ఒక గుణకంగా కనబడి పోతుంది, కుర్రాళ్లు 2 అని వేసి ముందుకెళ్తారు. దాన్ని మొదట కళ్లారా చూసిన వాళ్లలో ఫ్రాన్స్ ఇంజనీరు యూజీన్ ఫ్రెసినే ఒకరు. 1911లో అలియే నది మీద వెర్ద్ర్ దగ్గర ఆయన కట్టిన మూడు కాంక్రీట్ ఆర్చులూ తెరిచిన కొద్ది నెలలకే కుంగడం మొదలైంది. పైన బరువేమీ పెరగలేదు. ఆయన ఆర్చుల నడినెత్తిన జాకీలు పెట్టి మళ్లీ ఎత్తి, ఆ ఖాళీని కాంక్రీట్‌తో పూడ్చి కాపాడుకున్నాడు. మామూలు ఉక్కును బిగిస్తే ఆ కొద్దిపాటి బిగువును క్రీప్ తినేస్తుందనీ, చాలా ఎక్కువ బలమున్న ఉక్కును చాలా ఎక్కువ సాగదీస్తేనే చివరికి ఏమైనా మిగులుతుందనీ ఆయన గ్రహించాడు. 1928లో ప్రీస్ట్రెస్ పేటెంట్ తీసుకున్నాడు. ఈరోజు మనం వాడే 1860 మెగాపాస్కల్ స్ట్రాండ్ (మెలిపెట్టిన ఉక్కు తీగ) వెనక ఉన్న తర్కం అదే.

ఇక క్రీప్‌ను తక్కువ అంచనా వేస్తే ఏమవుతుందో తెలియాలంటే పట్నాలో గంగ మీద ఉన్న మహాత్మాగాంధీ సేతు కథ ప్రతి బ్రిడ్జి ఇంజనీరూ తెలుసుకోవాలి. 5.575 కిలోమీటర్ల పొడవు, నాలుగు లేన్లు, మొదటి రెండు లేన్లను 1982లో తెరిచారు. అప్పట్లో దేశానికే గర్వకారణం. ఒక్కో స్పాన్ 121 మీటర్లు. ప్రతి పియర్ నుంచి రెండు వైపులా చేతులు చాచినట్టు అరవై మీటర్ల చొప్పున కాంటిలీవర్ బాక్సులు కట్టుకుంటూ వచ్చి, రెండు చేతులు కలిసే నడిమధ్యన హింజ్ (కీలు) పెట్టారు. ఆ హింజ్ పైనుంచి వచ్చే భారాన్ని ఒక చేతి నుంచి ఇంకో చేతికి పంపుతుంది, పొడవు దిశలో జారనిస్తుంది, కానీ వంపును ఆపదు.

ఆ రోజుల్లో అలా కట్టడానికి మంచి కారణాలే ఉన్నాయి. ప్రతి పియర్ తన రెండు చేతులతో తానే ఒక వంతెన. చేత్తో లెక్క తేలుతుంది. ఒక పునాది కొద్దిగా కుంగినా పక్క స్పాన్‌కు నష్టం లేదు. ఎండకు సాగే చోటు ప్రతి 121 మీటర్లకూ దొరుకుతుంది. నేనే ఆ కాలంలో డిజైనర్‌గా ఉంటే బహుశా అదే ఎంచుకునేవాణ్ణి. కానీ క్రీప్ వల్ల చేయి కొస నిదానంగా కిందికి వాలుతూ ఉంటే, హింజ్ దాన్ని పట్టుకోలేదు. అటు చేయీ ఇటు చేయీ వాలి మధ్యలో రోడ్డు మడత పడుతుంది. ఆ మడత మీద ఓవర్‌లోడ్ లారీలు రోజంతా దభేలున పడతాయి. ఆ దెబ్బకు హింజ్ బేరింగులు అరుగుతాయి, జాయింట్ చిరుగుతుంది, వాన నీళ్లు కేబుళ్లు ముగిసే చోటికే దిగుతాయి. కేబుల్ బిగువు తగ్గితే చేయి ఇంకా వాలుతుంది. ఒకటి ఇంకొకదాన్ని పెంచుతూ పోతుంది. కొన్ని స్పాన్లకు బయటి నుంచి అదనపు కేబుళ్లు వేసి చూశారు, చాలలేదు. చివరికి పైనున్న కాంక్రీట్ మొత్తాన్ని కోసి తీసేసి, పాత పియర్ల మీదే తేలికైన ఉక్కు ట్రస్సులు పెట్టారు. పడమటి సగం 2020 జూలైలో, తూర్పు సగం 2022 జూన్‌లో మళ్లీ తెరుచుకున్నాయి. గమనించండి, గంగ అడుగున ఉన్న పునాదులకు ఏమీ కాలేదు. వరదను తట్టుకున్న వంతెన క్రీప్ ముందు ఓడిపోయింది.

పసిఫిక్‌లోని పలావు దేశంలో ఇదే పద్ధతిలో 1977లో 241 మీటర్ల స్పాన్ కట్టారు. అది పద్దెనిమిదేళ్లలో నడిమధ్యన ఒకటిన్నర మీటరుకు పైగా కుంగింది. బాగుచేయడానికి మధ్య హింజ్ తీసేసి కలిపారు, కొత్త కేబుళ్లు బిగించారు. ఆ పని ముగిసిన మూడు నెలలకే, 1996 సెప్టెంబరు 26న, గాలీ వానా లేని రోజున కూలి ఇద్దరు చనిపోయారు. ఇరవై ముప్పై ఏళ్ల క్రీప్‌ను అప్పటి ఫార్ములాలు చాలా తక్కువగా చెబుతున్నాయని ఆ కొలతలను తర్వాత పరిశీలించిన వాళ్లు తేల్చారు. అందుకే ఇప్పుడు నడిమధ్యన హింజ్ పెట్టం. కాంటిలీవర్లుగా కట్టినా చివరికి మధ్యలో కాంక్రీట్ పోసి, అడుగు స్లాబ్‌లో కేబుళ్లు లాగి ఒకటిగా కలుపుతాం. అలా కలిపే పని ఉష్ణోగ్రత నిలకడగా ఉండే రాత్రి పూటో తెల్లవారుజామునో చేస్తాం, లేకపోతే కాంక్రీట్ గట్టిపడక ముందే ఎండకు రెండు కొసలూ కదిలి అతుకు చెడుతుంది. అలా కలిపిన స్పాన్లకు జాయింట్ ఎక్కడో దూరాన, పియర్ మీదికి పోతుంది. అక్కడ కొస వాలదు.

ఇంత పొడవు స్పాన్ అసలెందుకు, ముప్పై మీటర్లకొక పియర్ కడితే పోదా అంటారా? దానికి నది ఒప్పుకోవాలి. కదిలేది కాంక్రీట్ ఒక్కటే అనుకోకండి, వరదలో గోదావరి అడుగు కూడా కదులుతుంది. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు పోయాయి, అంటే సెకనుకు 99 వేల ఘనపు మీటర్లు. అది 2.7 కిలోమీటర్ల వెడల్పున సమానంగా పారిందనుకుంటే మీటరు వెడల్పుకు 37 ఘనపు మీటర్లు. అడుగున ఇసుక రేణువు అర మిల్లీమీటరు అనుకుని నది కోత లోతు చెప్పే లేసీ సూత్రంలో వేస్తే మామూలు కోత లోతు 14 మీటర్లకు కొంచెం తక్కువ వస్తుంది. పియర్ చుట్టూ నీళ్లు సుడి తిరుగుతాయి కాబట్టి అక్కడ దానికి రెట్టింపు, అంటే వరద మట్టం నుంచి 27, 28 మీటర్ల దాకా ఇసుక ఖాళీ అవుతుందని తీసుకోవాలి. ఆ కోత కింద కూడా పునాదికి పట్టు కావాలి, అందుకు ఇంకో మూడో వంతు కలిపితే దాదాపు 37 మీటర్లు. ఇది కాగితం మీద ఉజ్జాయింపు. నిజంగా నది ఒక వైపుకు ఒరిగి పారుతుంది, అక్కడ ఇంకా లోతు కావాలి. ఎండాకాలం మీరు వంతెన కింద ఇసుక మీద నడిచి వెళ్లే చోట, వరద రోజున ఆ ఇసుక ఉండదు.

అంత లోతుకు మన నదుల్లో ఎక్కువగా దింపేది వెల్. ఊళ్లో బావికి ఒరలు దింపినట్టే, కానీ ఇంటికంటే వెడల్పు. అడుగున పదునైన ఉక్కు అంచు, దాని మీద కాంక్రీట్ గోడ. లోపలి ఇసుకను గ్రాబ్‌తో (క్రేన్‌కు వేలాడే దవడ తొట్టితో) తోడుతుంటే తన బరువుకు తానే దిగుతుంది, దిగినకొద్దీ పైన గోడ పోస్తూ ఉంటాం. నేను కొత్తగా చేరిన సైట్‌లో ఒక వెల్ ఇసుక దాటి గట్టి బంకమట్టి పొరలో ఒక పక్క తగులుకుని, రెండో పక్క దిగడం మొదలుపెట్టింది. కోడ్ ప్రకారం 80కి 1 వంతు వాలు దాకా డిజైన్‌లో లెక్కలోకి తీసుకుంటాం. మాది దానికి దగ్గరికొచ్చింది. దిగని పక్కన మాత్రమే తోడుతూ, ఆ పక్క పైన బరువులు పేర్చి, పదకొండు రోజులు రాత్రీ పగలూ దాన్ని నిలబెట్టాం. గ్రాబ్ ఆపరేటర్‌కు లోపల ఏముందో కనబడదు, తాడు బిగువును బట్టి చెప్పేవాడు. ఆయన “సార్, ఇప్పుడు విడిచింది” అన్న నిమిషానికి లెవెల్ చూస్తే వెల్ నిజంగానే కదిలింది. ఆ పదకొండు రోజుల్లో నేర్చుకున్నంత నేల గురించి నాకు ఏ పుస్తకమూ నేర్పలేదు.

ఒక్కో వెల్ ఇంత ఖర్చూ, ఇంత టెన్షనూ అయినప్పుడు వాటి సంఖ్య తగ్గించాలనిపించడం సహజం. రాజమండ్రి దగ్గరే చూడండి. 1900లో తెరిచిన హేవ్‌లాక్ రైలు వంతెన స్పాన్లు 45.7 మీటర్లు, మొత్తం 56. 1974 నాటి రోడ్ కం రైలు వంతెనలో పెద్ద స్పాన్లు 91.5 మీటర్లు. 1997లో పూర్తయిన కాంక్రీట్ ఆర్చ్ రైలు వంతెనవి 97.55 మీటర్లు, మొత్తం 28. అలాగని అన్ని చోట్లా పెద్ద స్పానే మేలు కాదు. అస్సాంలో లోహిత్ మీద 2017లో తెరిచిన ధోలా–సదియా వంతెన 9.15 కిలోమీటర్లు, హైదరాబాద్‌కు చెందిన నవయుగ కట్టింది. అక్కడ 50 మీటర్ల స్పాన్లు 183 ఉన్నాయి. ఒకే కొలత స్పాన్ అన్నిసార్లు కడితే అచ్చులూ, క్రేన్లూ, మనుషుల చేతి అలవాటూ అన్నీ కలిసొస్తాయి. పాత రోజుల నుంచి పెద్దలు చెప్పే ఒక లెక్కుంది. పై కట్టడం ఖర్చూ కింది కట్టడం ఖర్చూ ఇంచుమించు సమానంగా వచ్చే స్పాన్ చౌకైనది. మొదటి అంచనాకు నేను ఇప్పటికీ దాంతోనే మొదలుపెడతాను.

కట్టే పద్ధతి సంగతి క్లుప్తంగా చెబుతాను. 40 మీటర్ల దాకా గిర్డర్లు (దూలాలు) పోసి ఎత్తి పెట్టుకోవచ్చు. 50, 60 మీటర్ల దాకా, చాలా స్పాన్లుంటే, యార్డులో సెగ్మెంట్లు (వంతెన ముక్కలు) పోసి లాంచింగ్ గిర్డర్‌కు (పియర్ల మీద ముందుకు జరిగే ఉక్కు దూలానికి) వేలాడదీసి కేబుళ్లతో కుట్టడం మేలు. హైదరాబాద్‌లో పీవీ ఎక్స్‌ప్రెస్‌వే, మెట్రో అలా వచ్చినవే. ఒక సెగ్మెంట్ ముఖానికి ఆనించే పక్క సెగ్మెంట్‌ను పోస్తారు కాబట్టి అతుకు సరిగ్గా కూర్చుంటుంది. ఆపైన అయితే కాంటిలీవర్ పద్ధతి. పద్ధతి ఏదైనా, ఏ సెగ్మెంట్ ఏ వయసులో పెట్టారు, ఏ రోజు కేబుల్ లాగారు అన్నది క్రీప్ లెక్కలోకి వస్తుంది. అందుకే సైట్ వాళ్లు షెడ్యూల్ మార్చితే డిజైనర్‌కు చెప్పి తీరాలి. మన దగ్గర చాలాసార్లు చెప్పరు. దీని మీద నాకు చాలా బాధ ఉంది.

ఇక నీళ్ల సంగతి. 19 స్ట్రాండ్ల కేబుల్‌ను లాగితే దాదాపు 370 టన్నుల బలం. అది ఉండే గొట్టంలో సిమెంట్ గ్రౌట్ (జారే సిమెంట్ ముద్ద) నిండుగా ఉంటే ఉక్కు వంద ఏళ్లు ఉంటుంది. ఖాళీ ఉంటే అక్కడ తేమ చేరి తుప్పు మొదలవుతుంది, బయటికి ఏమీ కనబడదు. వేల్స్‌లో 1953లో కట్టిన ఇనిస్-ఇ-గ్వాస్ అనే చిన్న వంతెన 1985లో ఏ హెచ్చరికా లేకుండా కూలింది. సెగ్మెంట్ల అతుకుల దగ్గర కేబుళ్లు తుప్పు పట్టాయి. దాని తర్వాత అలాంటి గ్రౌట్ కేబుళ్ల కొత్త వంతెనలనే బ్రిటన్ 1992 నుంచి కొన్నేళ్లు ఆపేసింది. మన దేశంలో గోవాలో మాండోవి వంతెన 1986 జూలై 5న కూలింది, కట్టి ఇరవై ఏళ్లు కూడా కాలేదు.

నాకు ఎదురైంది ఇది. ఒక అప్రోచ్ వయాడక్ట్‌లో (నదికి ముందు వచ్చే వంతెన భాగంలో) గ్రౌటింగ్ జరుగుతోంది. ఒక కేబుల్‌కు పంపు వైపు ప్రెషర్ వచ్చింది, రిజిస్టర్‌లో సంచుల లెక్కా సరిపోయినట్టే రాశారు. కానీ అవతలి వెంట్ గొట్టం (గాలి బయటికి పోయే గొట్టం) చివర పొడిగా ఉంది. “లోపల నిండింది సార్, గొట్టం మూసుకుపోయింది అంతే” అన్నారు. మధ్యాహ్నం నాలుగయింది, అందరూ అలసిపోయి ఉన్నారు, నేను సంతకం పెట్టడానికి పెన్ను తీశాను కూడా. ఎందుకో మనసొప్పక మర్నాడు జాగ్రత్తగా డ్రిల్ వేయిస్తే ఆరు మీటర్ల మేర గొట్టం ఖాళీ. మళ్లీ వ్యాక్యూమ్ పెట్టి నింపాం. ఆ సంతకం పెట్టి ఉంటే ఈరోజు ఆ వంతెన మీద బస్సు పోతుంటే నేను నిద్రపోగలిగేవాణ్ణి కాదు. మీరు సైట్‌లో చేరాక ప్రతి వెంట్ నుంచీ చిక్కటి గ్రౌట్ కారడం మీ కళ్లతో చూడందే సంతకం పెట్టకండి, ఎవరేమన్నా సరే.

మీ ఊరి వంతెన దగ్గరే ఉంది కాబట్టి ఒక పని చేయండి. ఈ డిసెంబరులో ఒక తెల్లవారుజామున, వచ్చే మే నెలలో ఒక మధ్యాహ్నం, రెయిలింగ్ పక్కన, బండ్లు తిరిగే దారిలోకి దిగకుండా, ఒకే జాయింట్ దగ్గర ఖాళీని టేపుతో కొలవండి. ఆ వేళ ఉష్ణోగ్రత రాసుకోండి. జాయింట్‌కూ జాయింట్‌కూ మధ్య దూరం తెలుసుకుని లెక్క వేయండి. 250 మీటర్ల మాడ్యూల్ అయితే 20 డిగ్రీల తేడాకు, జాయింట్‌కు ఇటు మాడ్యూల్ సగం, అటు మాడ్యూల్ సగం కలిసి 60 మిల్లీమీటర్లు రావాలి. కాంక్రీట్ మందం వల్ల వంతెన గాలికంటే ఆలస్యంగా వేడెక్కుతుంది కాబట్టి కొంత తేడా ఉంటుంది, ఫర్వాలేదు. సగం కూడా రాకపోతే ఏదో బేరింగ్ జారకుండా పట్టేసిందేమో, ఆ కదలికంతా పియర్‌ను గుంజుతోందేమో చూడాలి. వేసవిలో ఇసుక మీదికి దిగగలిగితే పియర్ క్యాప్ కింద తెల్లటి సున్నపు చారలు ఉన్నాయేమో కూడా చూసి ఫొటో తీయండి. ఉంటే పైన జాయింట్ కారుతోందన్నమాట. రెండు కొలతలూ, ఫొటోలూ నాకు పంపండి, కలిసి లెక్క వేద్దాం.